ఓపెన్ యాక్సెస్‌లో వేస్తే సైటేషన్లు నిజంగా పెరుగుతాయా?

రీసెర్చ్ స్కాలర్: పేపర్ ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదివేలా, వేయమని మా గైడ్ పట్టుబడుతున్నారు. 2018లో పీర్‌జే జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఉచితంగా దొరికే పేపర్లకు సగటు కంటే 18 శాతం ఎక్కువ సైటేషన్లు, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలు, వచ్చాయట. ఈ లెక్క నమ్మొచ్చా?

స్టాటిస్టిక్స్ మాస్టారు: తొందరపడకండి. తమ పేపర్లలో మంచిదనుకున్నదానికే చాలామంది జర్నల్‌కు ఫీజు కట్టి ఓపెన్ చేయిస్తారు. గ్రాంట్లున్న ల్యాబులకే ఆ స్తోమత ఉంటుంది. అలాంటి పేపర్లకు ఎలాగూ సైటేషన్లు వస్తాయి. ఈ చిక్కు విడదీయడానికే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఫిలిప్ డేవిస్ బృందం లాటరీ తీసినట్టు ప్రయోగం చేసింది. అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీ జర్నళ్లు 11, పేపర్లు 1,619. వాటిలో 247 మాత్రం అందరికీ తెరిచి పెట్టారు. ఏవి తెరవాలో రచయితల ఇష్టానికి వదల్లేదు. 2008లో బీఎంజే అనే వైద్య జర్నల్‌లో ఫలితం వచ్చింది: మొదటి ఏడాదిలో సైటేషన్లు ఏమీ పెరగలేదు.

కాలేజీ లైబ్రేరియన్: మాస్టారూ, సగమే చెప్పారు. అదే ప్రయోగంలో ఫుల్ టెక్స్ట్ డౌన్‌లోడ్లు 89 శాతం, పీడీఎఫ్‌లు 42 శాతం పెరిగాయి. ఎవరు వాళ్లంతా? ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, పాఠం చెప్పుకునే లెక్చరర్లు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లు కావచ్చు. వాళ్లు చదువుతారు, పేపర్లు రాయరు. సైటేషన్ లెక్కలో వాళ్లు లేనే లేరు!

మాది ప్రైవేటు డిగ్రీ కాలేజీ. పేపర్ తెరవబోతే డాలర్లలో ధర కనిపిస్తుంది. పిల్లలు అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) వరకు నోట్సులో ఎక్కించుకుని లేచిపోతారు. కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లతో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (దేశం మొత్తానికి ఒకే జర్నల్ చందా) పథకం తెచ్చింది, సంతోషమే. కానీ మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే. మా పిల్లలకు ఇప్పటికీ ఓపెన్ యాక్సెసే దిక్కు.

మాస్టారు: పాఠకులు పెరిగారన్నది నేనూ ఒప్పుకుంటాను. సైటేషన్ ఆశ చూపించి స్కాలర్ల చేత ఫీజు కట్టించడమే నాకు నచ్చదు. నేచర్ జర్నల్‌లో ఆ ఫీజు 2020లో ప్రకటించినప్పుడే 9,500 యూరోలు. ఏ స్కాలర్ కడతాడు?

లైబ్రేరియన్: కట్టొద్దు. పబ్లిషర్ అనుమతించిన వెర్షన్‌ను మీ యూనివర్సిటీ రిపాజిటరీలో (పేపర్లు ఉంచే ఆన్‌లైన్ భండారంలో) పెట్టండి, పైసా ఖర్చుండదు. లేదా బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లు చూడండి. స్కాలర్ గారూ, మీ సబ్జెక్ట్ ఏమిటో చెబితే సరిపోయే జర్నల్ వెతికి పెడతాను.