సిమెంటు తొట్టిలో కోయి చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, కారణం ఏమిటి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
నాలుగు నెలల కిందట మా పెరట్లో 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతుతో సిమెంటు తొట్టి కట్టించి, ఆరు కోయి చేపలు వదిలాము. ప్రతి ఆదివారం నీళ్లన్నీ తోడేసి, గోడలనూ ఫిల్టరు స్పాంజినీ నల్లా కింద రుద్ది కడిగి, సగం నల్లా నీళ్లు, సగం బోరు నీళ్లతో మళ్లీ నింపుతున్నాము. ఇంత శుభ్రంగా ఉంచినా రెండు చేపలు చనిపోయాయి. మా వైపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడే కారణమా?

జవాబు 1 (నాగర్‌కర్నూల్ నుంచి):
ఫ్లోరైడ్‌ను అనుమానించే ముందు మీ ఆదివారం పనిని అనుమానించండి. చేపలు విడిచే అమోనియాను మొదట నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఆ స్పాంజిలోనూ గోడల పాచిలోనూ ఉంటుంది. అది స్థిరపడడానికి ఐదారు వారాలు పడితే, మీరు దానిని వారానికొకసారి క్లోరిన్ కలిసిన నల్లా నీళ్లతో కడిగేస్తున్నారు. ఆ క్లోరిన్ మొప్పలను కూడా దెబ్బతీస్తుంది.

మీ తొట్టిలో సుమారు 2,800 లీటర్లు పడతాయి. వారానికి అందులో పదో వంతు మాత్రమే మార్చండి. నల్లా నీళ్లను ఒకటి రెండు రోజులు డ్రమ్ములో నిలవ ఉంచి, గాలి పంపు పెట్టిన తరువాతే పోయండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. పాచి రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల తెల్లవారుజామున అది బాగా తగ్గుతుంది కాబట్టి, గాలి పంపును రాత్రి ఆపకూడదు. ఇంకొక మాట: తాగునీటి ఫ్లోరైడ్‌కు వాడే నల్లగొండ పద్ధతిని చూసి ఎవరైనా పటిక వేయమంటే వేయకండి, అది చేపలున్న తొట్టిలో చేసే పని కాదు.

జవాబు 2 (దేవరకొండ నుంచి):
పై మాటలతో ఏకీభవిస్తూనే, లోతు విషయం కూడా చెప్పాలి. కోయి మన చెరువుల్లోని బంగారు తీగ జాతిదే కాబట్టి గట్టి చేపే, కానీ రెండున్నర అడుగుల నీళ్లు మన మే నెల ఎండకు కాగిపోతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా నిలుస్తుంది. వీలైతే నాలుగు అడుగులకు పెంచండి, లేకుంటే షేడ్ నెట్ కట్టండి. అదే నెట్ లకుముకి పిట్టలనూ కొంగలనూ కొంతవరకు ఆపుతుంది. మా పిల్లి మాత్రం దాని కింద దూరడం నేర్చుకుంది.

ప్రశ్న అడిగినవారు:
నీళ్లను పరీక్షించే కిట్ తెచ్చి చూశాను. అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార స్థాయి) 8.4 వచ్చాయి. కొత్తగా రెండు చేపలు వేయవచ్చా?

జవాబు 1 రాసినవారు:
ఇప్పుడు వద్దు. పీహెచ్ 7 దగ్గర అమోనియాలో విష రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, కానీ 8.4 దగ్గర, 30 డిగ్రీల వేడిలో, ఆరో వంతు దాకా ఉంటుంది. రెండు రోజులు మేత ఆపి, రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి. నైట్రైటు కూడా కనిపిస్తే వెయ్యి లీటర్లకు కిలో చొప్పున అయోడిన్ లేని దొడ్డు ఉప్పు కరిగించి పోయండి, తామర మొక్కలుంటే ముందుగా తీసేయండి. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి కొన్ని వారాలు అక్కడే నిలిచాకే కొత్త చేపలు తెచ్చి, వాటిని మొదట మూడు వారాలు వేరే టబ్బులో ఉంచండి.