డాలస్, హెచ్4: ఫ్యామిలీ థెరపీ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చెయ్యొచ్చా?

అందరికీ నమస్తే. డాలస్ వచ్చి నాలుగు నెలలైంది, హెచ్4 మీద (మావారి హెచ్1బీ వర్క్ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) ఉన్నాను. హైదరాబాద్‌లో సైకాలజీ పీహెచ్‌డీ చేసి, ఆరేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇక్కడికి గంటన్నర దూరంలో ఒక యూనివర్సిటీవాళ్లు మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీకి (ఎమ్‌ఎఫ్‌టీ) అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలని ప్రకటన వేశారు. పీహెచ్‌డీ ఉందిగా, పెట్టెయ్ అంటున్నారు మావారు. ఈ దారిలో వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

జవాబు 1

పెట్టెయ్యమ్మా, పోయేదేముంది? సీవీలో ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు మాత్రం తీసెయ్. ఇక్కడ అవి అడగరు.

జవాబు 2

అన్నయ్య చెప్పింది నిజమే, పెట్టడానికి ఖర్చేం లేదు. కానీ నేను ఈ సబ్జెక్టే చెప్తున్నాను, రెండుసార్లు ప్రొఫెసర్లని ఎంపిక చేసే సెర్చ్ కమిటీలో కూర్చున్నాను. బల్లకి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తా చెల్లీ.

ప్రకటనని కిందనుంచి పైకి చదువు. పైన "ఎమ్‌ఎఫ్‌టీలో గానీ, దానికి దగ్గరి సబ్జెక్టులో గానీ పీహెచ్‌డీ" అని ఉంటుంది. మనకి ఆశ పుట్టేది అక్కడే. కింద థెరపీ చేసే లైసెన్స్ ఉండాలనో, తెచ్చుకోగలిగి ఉండాలనో, ఏఏఎమ్‌ఎఫ్‌టీ (ఫ్యామిలీ థెరపిస్టుల సంఘం) అప్రూవ్డ్ సూపర్‌వైజర్ అయితే మంచిదనో రాస్తారు. అసలు గేటు అది.

ఎందుకంటే ఈ కోర్సు క్లాసురూముతో అయిపోదు. స్టూడెంట్లు క్లినిక్‌లో నిజమైన మొగుడూపెళ్లాల్ని, నిజమైన కుటుంబాల్ని చూస్తారు. మనం పక్క గదిలో కూర్చుంటాం. మధ్యలో అద్దం: వాళ్లకి అద్దమే, మనకి కిటికీ. లోపల భర్త విసురుగా లేచి తలుపువైపు నడిచాడనుకో, ఫోన్ చేసి స్టూడెంట్‌కి ఏం చెప్పాలో ఆ నిమిషంలో తేల్చుకోవాల్సింది మనమే. ప్రోగ్రామ్‌కి సీఓఏఎమ్‌ఎఫ్‌టీఈ (ఈ కోర్సులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉంటే ఫ్యాకల్టీ అర్హతలు వాళ్లకి చూపించుకోవాలి కూడా. అందుకే లైసెన్స్ దగ్గర కమిటీ మెత్తబడదు, నీ రీసెర్చ్ పేపర్లు ఎంత బాగున్నా సరే.

టెక్సాస్‌లో ముందు అసోసియేట్ లైసెన్స్, అంటే సూపర్‌వైజర్ కింద పనిచేసే మొదటి మెట్టు, తెచ్చుకోవాలి. తర్వాత కనీసం 24 నెలల్లో 3,000 గంటలు పనిచేయాలి, అందులో 1,500 నేరుగా క్లయింట్లతో. మన సైకాలజీ డిగ్రీల్లో ఫ్యామిలీ సిస్టమ్స్ పేపర్లు, ప్రాక్టికమ్ (క్లినిక్‌లో శిక్షణ) సాధారణంగా ఉండవు కాబట్టి అసోసియేట్ దగ్గరే ఆగిపోవచ్చు. ట్రాన్‌స్క్రిప్ట్‌లు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల రికార్డు) ఇక్కడి చదువుతో పోల్చి చూసే ఎవాల్యుయేషన్‌కి పంపి, లోటెంతో ముందు చూసుకో. ఇంకోటి: ఆ గంటలు కూడా ఉద్యోగమే. మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) అప్రూవ్ అయి, నీకు ఈఏడీ (పనిచేసే అనుమతి) వస్తేగానీ మొదలుపెట్టలేవు.

నన్నడిగితే, హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ డిపార్ట్‌మెంట్లు కూడా వెతుకు. అక్కడ కుటుంబం గురించి పాఠం చెప్తారు, వైద్యం చెయ్యరు. లైసెన్స్ గొడవ సాధారణంగా ఉండదు. ఇదేదో తక్కువ రకం అని మనవాళ్లు అనుకుంటారు, నేను అనుకోను.

ఇంటర్వ్యూ దాకా వెళ్తే క్యాంపస్‌కి పిలుస్తారు. పొద్దున టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా అన్నీ ఇంటర్వ్యూలే, కార్లో దింపే ఆవిడతో సహా. టీచింగ్ డెమోలో నేను చేసింది చెప్తా. జెనోగ్రామ్ తెలుసుగా, మూడు తరాల కుటుంబపటం. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం. పుస్తకంలో ఉదాహరణ వదిలేసి మా ఇల్లే గీశాను. మా అమ్మమ్మని సొంత మేనమామకిచ్చారు. పెళ్లి గీత అడ్డంగా వెళ్లాలి కదా, ఇది తరం దాటి ఏటవాలుగా వచ్చింది. ముందు వరసలో ఒకబ్బాయి చెయ్యెత్తి, "మీరు తప్పు గీసినట్టున్నారు" అన్నాడు. కాదు బాబూ, మేనరికం అన్నాను. మా అమ్మమ్మకి అత్తగారూ అమ్మమ్మా ఒక్కరే! అప్పుడడిగాను, ఫ్యామిలీ థెరపిస్ట్ సాల్వడోర్ మినూచిన్ చెప్పిన "ఎన్‌మెష్‌మెంట్", అంటే హద్దులు చెరిగి ఒకరిలో ఒకరు చిక్కుకుపోవడం, ఈ ఇంటికి వర్తిస్తుందా? హద్దు ఎక్కడ గీస్తారు? మిగతా టైమంతా వాళ్లే వాదించుకున్నారు, నేను మార్కర్ పట్టుకుని నిలబడ్డానంతే. ఉద్యోగం దానివల్లే వచ్చిందని తర్వాత డిపార్ట్‌మెంట్ ఛైర్ చెప్పాడు. భారతీయ సంస్కృతి మీద ఉపన్యాసం ఇచ్చుంటే నిద్రపోయేవాళ్లు.

జవాబు 3

వీసా సంగతి నేను చెప్తా. యూనివర్సిటీలకి హెచ్1బీ లాటరీ లేదు, దాని తేదీల కోసం ఆగక్కర్లేదు. 2025 సెప్టెంబరు 21న వచ్చిన లక్ష డాలర్ల ఫీజు చూసి హెచ్‌ఆర్‌వాళ్లు బెదురుతున్నారు. అది ప్రధానంగా దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకి. నువ్వు ఇక్కడే ఉన్నావు, హెచ్4 నుంచి హెచ్1బీకి స్టేటస్ మార్పు అడుగుతున్నావని ఆఫర్ మాట్లాడేటప్పుడే చెప్పు. అది తేలేదాకా పెళ్లనీ పేరంటమనీ ఇండియా వెళ్లకు, దరఖాస్తు వదిలేసినట్టవుతుంది. గ్రీన్‌కార్డుకి కాలేజీ టీచర్లకో వెసులుబాటుంది: వచ్చినవాళ్లలో నువ్వే మెరుగని చూపిస్తే చాలు. కానీ ఎంపికైన 18 నెలల్లోపు లేబర్ సర్టిఫికేషన్ (గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టు) ఫైల్ చెయ్యాలి. ఆ గడువు దాటితే ప్రకటన మళ్లీ మొదటినుంచి వెయ్యాలి.

అడిగినమ్మాయి

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. మావారి ఐ-140 అయింది, ఈఏడీకి పెట్టాం. ప్రకటన కిందనుంచి చదివాను. లైసెన్స్ "తప్పనిసరి" అనే ఉంది. ఫ్యామిలీ స్టడీస్ వెతుకుతున్నా. ట్రాన్‌స్క్రిప్ట్‌లు ఇక్కడ ఉండే హైదరాబాద్‌నుంచి తెప్పించుకోవచ్చా?

జవాబు 2

ఈమెయిల్ పెడితే నావి మూడు నెలలు కదల్లేదు. మీ నాన్నగార్ని ఒకసారి ఎగ్జామ్ బ్రాంచ్‌కి వెళ్లమను, ఆథరైజేషన్ లెటరూ నీ మార్కుల జిరాక్సులూ ఇచ్చి పంపు. సిలబస్ కాపీ కూడా అడగమను. పేపర్ పేరుచూసి క్రెడిట్లివ్వరు, అందులో ఏం చదివావో అడుగుతారు.