డ్రాప్ సి ట్యూనింగ్‌కి లావు స్ట్రింగ్స్ వేయాల్సిందేనా? 10-46తో నెట్టుకురాలేమా?

సాగరతీరం (వైజాగ్)
నాది లెస్ పాల్ తరహా గిటార్, స్కేల్ (తీగ మోగే పొడవు) 24.75 అంగుళాలు. ఇన్నాళ్లూ 10-46 సెట్టుతో (సన్నతీగ మందం అంగుళంలో వెయ్యింట 10 వంతులు, లావుది 46) ఇ స్టాండర్డ్‌లో, అంటే మామూలు శ్రుతిలో, హాయిగా సాగిపోయింది. ఇప్పుడు బ్యాండ్ మొత్తం డ్రాప్ సికి దిగింది. లావు తీగ నుంచి సన్నదాని వరకు సి జి సి ఎఫ్ ఎ డి, అంటే ఆరోది నాలుగు ఫ్రెట్లు, మిగతావన్నీ రెండు ఫ్రెట్లు దిగాయి (ఒక్కో ఫ్రెట్ అర స్వరం). ఆరో స్ట్రింగ్ మరీ వదులైపోయింది. గట్టిగా కొడితే ట్యూనర్ ముల్లు ముందు సి దాటి పైకెళ్లి, ఆ తర్వాత నింపాదిగా కిందికొస్తోంది. పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచుతో తీగల్ని అదిమి కొడితే) బరబరమంటోంది. మా డ్రమ్మర్ 12-56 వేసేయమంటున్నాడు. వాడికేం, బెండ్లు (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) లాగాల్సింది నేను కదా! ఏం చేయమంటారు?

లెక్కల మాస్టారు
తమ్ముడూ, మీ డ్రమ్మర్ రోగం సరిగ్గానే పట్టాడు, మందు మోతాదే ఎక్కువైంది.

స్ట్రింగ్ టెన్షన్ ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. రెండు ఫ్రెట్లు దించితే అయిదో వంతు పోతుంది, నాలుగు దించితే మూడో వంతుకు పైనే. నీ స్కేల్ మీద 46 తీగ ఇలో సుమారు 16.5 పౌండ్లు ఉండేది, సిలో పదిన్నర లోపుకు పడిపోయింది. అక్కడ 52 వేస్తే 13, 56 వేస్తే 15.6 వస్తుంది. (మామూలు నికెల్ పూత రౌండ్ వౌండ్, అంటే గుండ్రటి తీగ చుట్టిన స్ట్రింగ్ లెక్క ఇది.) 56 వేసినా పాత బిగువు పూర్తిగా రాదన్నమాట.

ఇక పైతీగ, అంటే అన్నిటికన్నా సన్నది. అది దిగింది రెండు ఫ్రెట్లే. 10 తీగ ఇలో 15 పౌండ్ల పైచిలుకు ఉండేది. 12 వేసి డికి దించితే 17 దాటుతుంది, అంటే ముందుకన్నా గట్టిపడుతుంది. 11 అయితే 14.6. పైగా కొన్ని 12 సెట్లలో మూడో స్ట్రింగ్ కూడా చుట్టుతీగే ఉంటుంది, దాని మీద బెండ్ అంటే నరకమే. నా మాట విని పైన 11, కింద 56 వెయ్యి.

సన్నతీగ సంఘం
మాస్టారూ, లెక్క ఒప్పే. కానీ పాత బిగువు తిరిగి రావాలని ఎవరన్నారు?

బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఆయనది ఎడమచేతి వాటం, కాబట్టి ఫ్రెట్ల మీద నొక్కేది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్న తీగలు వేసుకున్నాడు, 1971లో బ్లాక్ సబ్బత్ మూడో ఆల్బమ్ నాటికి మూడు ఫ్రెట్లు కిందికి దించాడు. హెవీ మెటల్ మొదలైందే వదులు తీగల మీద. జీ జీ టాప్ (ZZ Top) బ్యాండ్ గిటారిస్ట్ బిల్లీ గిబ్బన్స్ అయితే 7తో మొదలయ్యే సెట్టు వాడతాడు. ఆయన టోన్ పల్చగా ఉందని ఎవరైనా అన్నారా?

లావు తీగలో లావు టోన్ ఉంటుందనేది సగం నమ్మకమే. కోర్ లావయ్యేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది. దానికి యాంప్‌లో గెయిన్ (డిస్టార్షన్ పెంచే నాబ్) దట్టించారంటే లో మిడ్స్ (బేస్‌కి కాస్త పైన ఉండే ధ్వనులు) అన్నీ బురదగా కలిసిపోతాయి. ఆ కిందిభాగం చూసుకోవడానికి బ్యాండ్‌లో బేస్ వాయించే మనిషి ఉంటాడు, పాపం ఆయన్నీ బతకనివ్వండి. పిక్ తేలిగ్గా వెయ్యి తమ్ముడూ, ముల్లు పైకెళ్లదు.

లెక్కల మాస్టారు
అయోమీ రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలు) చాలావరకు నింపాదిగా నడుస్తాయి, స్వరం స్థిరపడేదాకా ఆగే తీరిక ఉంటుంది. వేగంగా పామ్ మ్యూట్ కొట్టేటప్పుడు ప్రతి దెబ్బా పైస్వరంలోనే మొదలై, అది దిగేలోపే తర్వాతి దెబ్బ పడుతుంది. బేస్‌తో కలిపి వింటే శ్రుతి తప్పినట్టే ఉంటుంది. తేలిగ్గా వాయించమంటున్నారు, మెటల్ బ్యాండ్‌లో ఎంతసేపు? ఉదాహరణలే కావాలంటే బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ఒక్క ఫ్రెట్ దించి 13-58 వాడాడు. ఆయన వేళ్లు మనకు లేవు కాబట్టి దాంతో ఏదీ తేలదు. గిబ్బన్స్‌తోనూ అంతే.

రిపేరు బల్ల
ఇద్దరూ గిటార్‌ని వదిలేసి తీగల గురించే కొట్టుకుంటున్నారు.

తమ్ముడూ, తీగలు వదులైతే మెడ మీద లాగుడు తగ్గుతుంది, మెడ కాస్త వెనక్కి వెళుతుంది. నీ బరబరలో కొంత అదే కావచ్చు. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి కలిసే చోటా ఒకేసారి నొక్కి మధ్యలో చూడు. ఏడో ఫ్రెట్ దగ్గర సందే కనిపించకపోతే ముందు ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) సంగతి చూసుకో.

ఆపై నట్, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ. నీ గాడి 46కి కోసింది. 56 అందులోకి పూర్తిగా దిగదు, పైపైనే కూర్చుంటుంది. ట్యూన్ చేస్తుంటే టిక్కుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా గెంతిందంటే తీగ అక్కడ పట్టేస్తోందని అర్థం. ఆకురాయితో వెడల్పు చేయించొచ్చు. కానీ వెడల్పు చేశాక మళ్లీ 46 వేస్తే గాడిలో వదులుగా ఊగుతుంది. కాబట్టి డ్రాప్ సిలోనే ఉంటామని బ్యాండ్ తేల్చుకున్నాకే ఆ పని పెట్టుకో.

చివరగా, 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (నొక్కకుండా తీగను తాకి పలికించే స్వరం) కంటే నొక్కిన స్వరం పైన పలికితే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరుపు. లావు తీగకి ఇంకాస్త వెనక్కి జరపాలి. నీ తరహా బ్రిడ్జిలో జరిపే చోటు కొంచెమే ఉంటుంది.

గమకం గిటార్
నేను ఎలక్ట్రిక్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తాను. సన్నతీగ గారికి నా ఓటు, పైతీగల వరకే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు జంట తీగలు వదిలేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించారు. జంట తీగల్ని సమానంగా లాగి గమకం పలికించడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. చేతికి లొంగే తీగ మీదే గమకం వస్తుంది. మంద్ర స్థాయిలో మాత్రం వదులు తీగ నాకూ వద్దు, షడ్జం పట్టులోనే అపశ్రుతి వినిపిస్తుంది. అందుకే పైన 10, కింద 52.

ఇంకోటి, వైజాగ్ గాలికి ఏ గేజైనా త్వరగా తుప్పు పడుతుంది. ఖరీదైనా కోటెడ్ (పైపూత ఉన్న తీగలు) తీసుకోండి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

సాగరతీరం (వైజాగ్)
మెడ చూశాను అన్నా, ఏడో ఫ్రెట్ దగ్గర కాగితం కూడా దూరడం లేదు. ట్రస్ రాడ్ పావు చుట్టు కన్నా తక్కువే వదులు చేస్తే బరబర బాగా తగ్గింది. ట్యూనర్ ముల్లు మాత్రం ఇంకా గెంతుతూనే ఉంది. ముందు 10-52 వేస్తాను. దానికీ ముల్లు ఆగకపోతే ఆరోది ఒక్కటే విడిగా 56 తెచ్చి, నట్ గాడి కోయిస్తాను.

సన్నతీగ సంఘం
వేసేముందు పాత 46తో ఒక రిఫ్, వేశాక అదే రిఫ్ రికార్డు చేసి పెట్టు, యాంప్ నాబ్‌లు ముట్టుకోకుండా. ఏది ఏదో పేర్లు రాయకు. మాస్టారు విని చెప్పాలి.

లెక్కల మాస్టారు
సరే. బేస్ ట్రాక్ కూడా కలిపి పంపు.