డీజిల్‌ వ్యాట్‌ తగ్గిస్తే ఖజానాకు ఎంత తగ్గుతుంది? నోట్‌లో లెక్క ఎలా చూపాలి?

ప్రశ్న: పాలసీ_సెక్షన్‌

ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్‌ మీద 22.25% వ్యాట్‌, దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్‌, 1 రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్‌ ఉన్నాయి. 22.25ను 20కి దించితే ఎంత ఆదాయం పోతుంది, అందులో ఎంత తిరిగొస్తుంది అన్నదానిపై నోట్‌ పెట్టాలి. కర్ణాటకలో ట్యాంకు నింపుకుంటున్న లారీలు మన బంకులకే వస్తాయి, నష్టమే ఉండదు అన్న వాదన గట్టిగా వినిపిస్తోంది. గత ఆరేడేళ్ల అమ్మకాల మీద రిగ్రెషన్‌ (రెండు అంకెల మధ్య సంబంధం తేల్చే గణాంక లెక్క) వేసి ధరకు ఎంత స్పందిస్తున్నాయో తేల్చితే సరిపోతుందా? ఆర్థిక శాఖ ఏం అడుగుతుంది?

జవాబు 1: ఖజానా_లెక్క

రిగ్రెషన్‌ సంగతి తర్వాత. ముందు కాగితం మీద చేతి లెక్క వేయండి. అది లేని నోట్‌ను ఆర్థిక శాఖ వెనక్కి పంపేస్తుంది.

పన్ను వేసే ధర లీటరుకు 72 రూపాయలనుకుందాం (అసలు సంఖ్య ఆయిల్‌ కంపెనీల పన్ను రిటర్నుల్లోంచి తీసుకోండి, బంకు బోర్డు మీది ధర కాదు). ఇప్పుడు వ్యాట్‌ 16.02, అదనం 4, మొత్తం 20.02. 20 శాతానికి దించితే 14.40 ప్లస్‌ 4, అంటే 18.40. లీటరుకు 1.62 పోతుంది. ప్రతి లక్ష కిలోలీటర్ల అమ్మకానికి 16.20 కోట్లు. కేంద్ర పెట్రోలియం శాఖ కింద ఉన్న పీపీఏసీ అమ్మకాలను వెయ్యి టన్నుల్లో ఇస్తుంది. డీజిల్‌కు టన్నుకు 1,210 లీటర్లు, పెట్రోలుకు 1,411. ఈ రెండూ తారుమారు చేసిన నోట్‌లో మిగతా లెక్క ఎంత బాగున్నా ప్రయోజనం లేదు.

ఇక తిరిగొచ్చే మాట. 20.02ను 18.40తో భాగిస్తే 1.088. అంటే రాష్ట్రం మొత్తం మీద అమ్మకాలు 8.8% పెరిగితేనే నష్టం సున్నా. బంకు ధర 96 అనుకుంటే మనం తగ్గిస్తున్నది 1.7% మాత్రమే. 1.7% తగ్గింపుకు 8.8% అమ్మకాలు పెరగాలంటే స్పందన ఐదు రెట్లకు పైగా ఉండాలి. రాష్ట్రం లోపలి వాడకంలో అది జరగని పని. ఈ ఒక్క పేరా నోట్‌ మొదటి పేజీలోనే ఉండాలి.

జమయ్యే నెల కూడా చూడండి. అమ్మిన నెల పన్ను తరువాతి నెలలో 0040 పద్దుకు (ప్రభుత్వ ఖాతాలో అమ్మకపు పన్ను జమయ్యే పద్దు) చేరేటట్లయితే, ఏప్రిల్‌ 1 నుంచి తగ్గించినా మొదటి ఏడాది బడ్జెట్‌లో కనిపించేది 11 నెలల నష్టమే. ఏడాది మొత్తం నష్టాన్ని పక్కన వేరే వరుసలో చూపించండి. 1 రూపాయి సెస్‌ను వ్యాట్‌లో కలపకండి, అది వెళ్లే చోటు వేరు.

జవాబు 2: గణాంకం_గారు

రిగ్రెషన్‌ వేయొచ్చు. కానీ గత ఆరేడేళ్ల వరుసను అలాగే తీసుకుంటే తప్పు జవాబు వస్తుంది. ఎక్కడ తెగుతుందో చెబుతాను.

2021 జులై 1కి ముందు గనులు, విద్యుత్తు, టెలికాం వంటివాళ్లు సీ-ఫారం (తక్కువ రేటు కోసం కొనుగోలుదారు ఇచ్చే ధ్రువపత్రం)తో 2% సీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై కేంద్ర అమ్మకపు పన్ను) కట్టి బయటి రాష్ట్రం నుంచి డీజిల్‌ తెచ్చుకునేవాళ్లు. ఫైనాన్స్‌ చట్టం 2021 సీఎస్‌టీ సెక్షన్‌ 8ని సవరించాక వాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ఆ తర్వాత రాష్ట్రంలో పెరిగిన అమ్మకాల్లో కొంత భాగం దీనివల్లే, ధరతో సంబంధం లేదు.

2022 మార్చిలో పెద్ద కొనుగోలుదార్లకు ఇచ్చే బల్క్‌ డీజిల్‌ ధర బంకు ధర కంటే లీటరుకు 25 రూపాయల వరకు పైకి పోయింది. ఆర్టీసీలు బస్సులను మామూలు బంకులకు పంపాయి. ఆ నెలల్లో బంకుల అమ్మకం పెరిగినట్టు కనిపిస్తుంది, మొత్తం వాడకం మాత్రం పెరగలేదు. బల్క్‌, రిటైల్‌ విడిగా తీసుకోండి.

మరొకటి: 2021 నవంబరు 4న కేంద్రం డీజిల్‌ ఎక్సైజ్‌ 10 రూపాయలు, 2022 మే 22న మరో 6 రూపాయలు తగ్గించింది. మన వ్యాట్‌ శాతంలో ఉంటుంది కాబట్టి 10 రూపాయలు తగ్గగానే రాష్ట్రానికి లీటరుకు 2.22 దానంతటదే పోయింది. ఇది మన నిర్ణయం వల్ల వచ్చిన నష్టం కాదు. రేటు మార్పు ప్రభావం, ధర మార్పు ప్రభావం విడదీయకుండా 'వ్యాట్‌ ఆదాయం తగ్గింది' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 2020-21 కోవిడ్‌ నెలలు ఎటూ పక్కనపెట్టాలి.

జవాబు 3: హైవే_44

లారీల వాదన కోసం ప్రత్యేకంగా మోడల్‌ అక్కర్లేదు, పక్క రాష్ట్రాల రేట్లు అదే 72 మీద పెట్టి చూడండి. కర్ణాటక 2024 జూన్‌లో 14.34 నుంచి 18.44%కి, 2025 ఏప్రిల్‌ 1న 21.17%కి పెంచింది. 21.17% అంటే 15.24. మనది సెస్‌తో 21.02. తేడా 5.78. మీరు 20కి దించాక కూడా తేడా 4.16 ఉంటుంది! బెంగళూరు వైపు నుంచి వచ్చే లారీ అప్పుడూ అక్కడే నింపుకుంటుంది. తెలంగాణ 27% మీద 19.44, దానితో మాత్రం మనం దాదాపు సమానమవుతాం.

ఇంకా బలమైన సాక్ష్యం మన రిటర్నుల్లోనే ఉంది. కర్ణాటక 14.34% ఉన్నప్పుడు ఈ తేడా 10.70 రూపాయలు. మనం వేలు కదపకుండానే సగానికి తగ్గింది. 2024 జూన్‌, 2025 ఏప్రిల్‌ తర్వాత అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు బంకులకు అమ్మకాలు ఎంత వచ్చాయో ఆయిల్‌ కంపెనీల నుంచి బంకువారీ నెలవారీ సరఫరా తెప్పించి చూడండి. 5 రూపాయల తేడా తగ్గినప్పుడు రానివాళ్లు 1.62కి వస్తారని ఎవరూ వాదించలేరు. ఒకవేళ అప్పుడు గట్టిగా పెరిగి ఉంటే ఆ సంఖ్యే మీ అంచనాకు ఆధారం.

సరిహద్దు బంకుల అమ్మకాలను వేరే బంకులతో పోల్చేటప్పుడు జాగ్రత్త. 300 లీటర్ల ట్యాంకు, లీటరుకు 4 కిలోమీటర్లు అంటే 1,200 కిలోమీటర్లు. ఆ లారీకి మన సరిహద్దు బంకే కాదు, జాతీయ రహదారి 16 మీద ఒంగోలు బంకు కూడా అవసరం లేదు. అందుకని పోలికకు హైవేకు దూరంగా ఉన్న లోపలి మండలాల బంకులు ఎంచుకోండి. హైవే బంకులు, సరిహద్దు బంకులు వేర్వేరు గుంపులుగా పెట్టండి. కాకినాడ వైపు యానాంకు (అది పుదుచ్చేరి కింద ఉంది, పన్ను రేటు వేరు) దగ్గరి బంకులది వేరే కథ, వాటిని విడిగా చూపించాలి.

పాలసీ_సెక్షన్‌

అందరికీ కృతజ్ఞతలు. తగ్గింపు వల్ల రవాణా చవకై, జనం వేరే చోట ఖర్చుపెట్టి ఎస్‌జీఎస్‌టీ (జీఎస్‌టీలో రాష్ట్రం వాటా) పెరుగుతుందన్న లెక్క నోట్‌లో వేయమంటారా? జీవో విషయంలో చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఖజానా_లెక్క

ఎస్‌జీఎస్‌టీ లాభాన్ని నష్టంలోంచి తీసివేయకండి. వేరే పేరాలో ఒక అభిప్రాయంగా రాయండి, చాలు. డీజిల్‌ జీఎస్‌టీలో లేదు, వ్యాట్‌కు ఇన్‌పుట్‌ క్రెడిట్‌ (కొనుగోలుపై కట్టిన పన్నును తర్వాత కట్టే పన్నులో తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి ఆ భారం రవాణా ధరలో ఇరుక్కుపోతుంది. దీన్ని తగ్గించడం మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అది రవాణా ఖర్చు తగ్గించే నిర్ణయంగా మంత్రివర్గం ముందుకు వెళ్లాలి, ఖర్చులేని నిర్ణయంగా కాదు. లేదంటే రేపు మార్చిలో అంచనా తప్పిందని వైద్యానికో విద్యకో కోత పడుతుంది.

రేటు మార్పుకు రాష్ట్ర వ్యాట్‌ చట్టంలోని షెడ్యూల్‌ 6ను సవరించాలి. ఫైలు కమిషనర్‌ నుంచి రెవెన్యూ (వాణిజ్య పన్నులు) ద్వారా ఆర్థిక శాఖ సమ్మతికి, ఆ తర్వాత మంత్రివర్గానికి. అమలు తేదీ దగ్గరే చిక్కు. ఆయిల్‌ కంపెనీ అమ్మిన దగ్గరే పన్ను పడుతుంది కాబట్టి ఆ రాత్రి బంకు ట్యాంకులో ఉన్నది పాత రేటు కట్టిన సరుకు. 15,000 లీటర్లు నిల్వ ఉంటే లీటరుకు 1.62 చొప్పున 24,300 రూపాయలు డీలరు మీద పడతాయి. ముందే పొక్కితే డీలర్లు సరుకు ఎత్తడం ఆపేస్తారు, రెండు రోజులు బంకులు ఖాళీ. అందుకే తేదీని ఫైలులో ఖాళీగా వదిలి, జీవో ఇచ్చే రోజునే నింపమని సూచించండి.