రద్దు చేసింది వాళ్లు, పేరు మాత్రం నాది: ఆన్‌లైన్ ఆర్డర్లు, నక్షత్రాల గొడవలపై విశాఖ అనుభవాలు

సీతమ్మధార గృహిణి

అందరికీ నమస్కారం. నా గోడు చిన్నదే, కానీ పది రోజులుగా లోపల గుచ్చుతూనే ఉంది. మా పాత గ్రైండరు రాయి అరిగిపోయి పిండి బరకగా వస్తోందని, దసరా అమ్మకాల్లో రెండు లీటర్ల గ్రైండరు ఒకటి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టాను. ధర 3,899 రూపాయలు, అప్పుడే కట్టేశాను. నాలుగో రోజు దుకాణం వాళ్లమంటూ ఫోను వచ్చింది. "మేడమ్, స్టాకు అయిపోయింది. మీ వైపు నుంచి రద్దు చేసుకుంటే డబ్బు తొందరగా వస్తుంది" అన్నాడు. నేను ఎందుకు రద్దు చేయాలి, లేకపోతే మీరే చేయండి అన్నాను. మర్నాడు పొద్దున చూస్తే ఆర్డరు రద్దయి ఉంది. కింద కారణం: "కొనుగోలుదారు కోరిక మేరకు". నేను కోరిందెప్పుడు? సాయంత్రానికి అదే దుకాణంలో అదే గ్రైండరు 4,799కి కనిపించింది.

డబ్బు మూడు రోజుల్లో వెనక్కి వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. నా ఉక్రోషమంతా ఆ కారణం మీదే. పోనీ జరిగింది జరిగినట్టు రాద్దామని అభిప్రాయాల పేజీ తెరిస్తే, అందిన వస్తువులకే రాయాలట. వస్తువు పంపి ఉంటే ఒక నక్షత్రం ఇచ్చే హక్కు ఉండేది. అసలు పంపనేలేదు కాబట్టి నాకు మాటే లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

మధురవాడ అద్దె ఇల్లు

జరిగింది. మీరు గట్టిగా నిలబడ్డారు. నేను ఆ ఫోను మాట నమ్మి బటను నేనే నొక్కాను. అది కుర్చీ, ఇంటి నుంచి పని చేసే రోజుల్లో. తర్వాత కస్టమర్ కేర్‌కు చేస్తే "మీరే రద్దు చేశారు కదా సార్" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ నెలంతా భోజనాల బల్ల కుర్చీలోనే పని చేశాను, నడుము ఇప్పటికీ గుర్తు చేస్తుంటుంది.

లక్కపిడతల కొట్టు

అమ్మకందారుగా నేను కూడా మాట్లాడాలి, తిట్టినా సరే. ఏటికొప్పాక నుంచి బొమ్మలు తెచ్చి ఆన్‌లైన్లో అమ్ముతాను. అంకుడు కర్రతో చేసి సహజమైన రంగులు కలిపిన లక్క పూసేవి, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినవి. ప్రతి ముక్కా చేత్తో చేసేదే. ఒకటి పగిలితే అలాంటిదే మరొకటి గోదాములో సిద్ధంగా ఉండదు.

ఆ ఫోను ఎందుకు వస్తుందో చెబుతాను. అమెజాన్ లాంటి చోట అమ్మకందారుకు బహిరంగంగానే ఒక లెక్క ఉంది. వస్తువు పంపకముందే మనం రద్దు చేసినవి, ఏడు రోజుల లెక్కన, నూటికి 2.5 లోపే ఉండాలి. నాకు వారానికి పన్నెండు ఆర్డర్లు వస్తే గొప్ప. అందులో ఒక్కటి రద్దు చేస్తే ఎనిమిది శాతం దాటిపోతుంది. వేల ఆర్డర్ల దుకాణానికి ఒకటి పోతే ఏమీ కాదు, నాలాంటివాడికి ఖాతా మీదకే వస్తుంది. కొనేవాళ్లు తమంతట తాము రద్దు చేసుకున్నవి మాత్రం ఆ లెక్కలోకి రావు. అందుకే ఆ బతిమాలడం. సుజనులు బతిమాలుతారు, తక్కినవాళ్లు అడగకుండానే మీ పేరు పెట్టేస్తారు. సమర్థించడం లేదమ్మా, లోపలి సంగతి చెబుతున్నాను. మీ విషయంలో స్టాకు అయిపోవడం కూడా అబద్ధమే, ధర పెంచుకోవడానికి ఆడిన నాటకం.

నక్షత్రాల సంగతి కూడా ఎత్తారు కాబట్టి నా కథ వినండి. లక్కపిడతల సెట్టు ఒకటి పంపాను. పేజీలో అంగుళాల్లో కొలతలు రాసి, పక్కన రూపాయి నాణెం పెట్టి తీసిన ఫోటో కూడా ఉంచాను. అందుకున్న ఆవిడ "చాలా చిన్నవి" అని ఒక నక్షత్రం ఇచ్చారు. గంటలో సందేశం: రెండు వందలు పంపితే అయిదు చేస్తానని. వంద ఆర్డర్లలో ఒకటి కంటే ఎక్కువ చెడ్డ పేరు ఉండకూడదన్న లెక్క మరొకటి ఉంది, దానికి భయపడి పంపాను. సిగ్గుపడాల్సిన విషయమే. డబ్బు ముట్టాక ఆవిడ మూడు చేశారు.

కంచరపాలెం కోపిష్టి

మూడు చేసిందా! ఆవిడకు ఒక నమస్కారం.

కానీ బాబూ, మీ లెక్కలు మాకెందుకు? ఉల్లిపాయ కుళ్లిందంటే రైతు బజారులో మొహం మీదే చెబుతాం. ఇక్కడ ఎవరి మొహమూ కనిపించదు, ఉన్నది ఆ నక్షత్రం ఒక్కటే. నేనైతే పార్శిలు ఒక రోజు ఆలస్యమైనా ఒకటే ఇస్తాను.

లక్కపిడతల కొట్టు

అన్నగారూ, ఆలస్యం చేసింది కొరియరు, నక్షత్రం పడింది బొమ్మ చేసినవాడి మీద. వస్తువు గురించి రాసేది వేరు, అమ్మినవాడి గురించి రాసేది వేరు. రెండు పెట్టెలూ విడివిడిగా ఉంటాయి. ఏది ఎందులో వేస్తున్నామో ఒక్క క్షణం చూడండి, అంతే నేను కోరేది.

గాజువాక డెలివరీ (ఇప్పుడు మానేశాను)

కొరియరు మాట వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. రెండేళ్లు గాజువాక, పెదగంట్యాడ వైపు పార్శిళ్లు వేశాను. రోజుకు డెబ్భై దాకా ఇచ్చేవారు. రాత్రి ఎనిమిదికి సంచిలో ఇంకా పదిహేను మిగిలేవి. వాటిని ఊరికే వెనక్కి తీసుకెళితే ఎందుకు వేయలేదని అడుగుతారు. "కస్టమర్ ఇంట్లో లేరు" అని నొక్కితే ఎవరూ అడగరు. తర్వాత దానికీ ఓటీపీ పెట్టారు. అప్పుడు కొందరు ఏం చేసేవారంటే, ఇంటికి రాకుండానే ఫోను చేసి "మీకొక నంబరు వచ్చింది, చెప్పండి సార్, రేపు పొద్దున్నే వేసేస్తాను" అనేవారు. అది వస్తువు అందిందనే నంబరు కాదు, మీరు వద్దన్నారని ఒప్పుకునే నంబరు. చెప్పారంటే ఆర్డరు మీ పేరు మీద రద్దయిపోతుంది.

కాబట్టి నంబరు చెప్పే ముందు ఆ సందేశం మొత్తం చదవండి. ఏ నంబరు దేనికో అందులోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు, ఆరు అంకెలు కనిపించగానే చదివి వినిపిస్తారు. మా అమ్మ కూడా అంతే.

నేను అలా చేశానా అని అడగకండి.

పాత తపాలాబిళ్ల

అడగంలే తమ్ముడూ.

ఈ గొడవ ఇప్పటిది కాదు. నేను బాజీ అనే వేలంపాటల సైటు రోజుల నుంచి తపాలాబిళ్లలు, పాత కవర్లు అమ్మినవాణ్ని. 2004లో దాన్ని ఈబే కొనేసింది, 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడేదాకా అక్కడే ఉన్నాను. మొదట్లో పద్ధతి వేరుగా ఉండేది. కొన్నవాడు అమ్మినవాడికి, అమ్మినవాడు కొన్నవాడికి, ఇద్దరూ ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. వినడానికి సమన్యాయంలా ఉంటుంది. నడిచింది మాత్రం మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకంలాగే. వాళ్లు మనకెంత చదివించారో చూసి మనం అంతే చదివిస్తాం కదా, అలా. నువ్వు మంచి రాస్తే నేను మంచి రాస్తాను, నువ్వు చెడు రాస్తే ఆ రాత్రికే నీకు నా చెడు ముడుతుంది. ఆ భయంతో ఎవరూ నిజం రాసేవారు కాదు. ఒకసారి చిరుగు అంటించిన బిళ్లను బాగున్నదని నాకు అంటగట్టినవాడికి నేనే "చాలా మంచి అమ్మకందారు" అని రాశాను. ఎదురు దెబ్బ తగులుతుందని.

2008లో ఈబే ఆ పద్ధతి తీసేసింది. అప్పటి నుంచి అమ్మేవాడు కొనేవాడికి మంచి మాట తప్ప చెడు రాయడానికి వీల్లేదు. అమ్మేవాళ్లం గగ్గోలు పెట్టాం. డబ్బు కట్టకుండా మాయమయ్యేవాణ్ని ఇంకెలా హెచ్చరించాలి అని. ఆ బాధ నిజమే. కానీ కొనేవాళ్లు ధైర్యంగా రాయడం మొదలుపెట్టింది కూడా అప్పుడే, ఇదీ నిజమే. లక్కపిడతల బాబుకు తగిలిన రెండు వందల దెబ్బ ఆ ధైర్యానికి పుట్టిన వంకర పిల్ల.

సీతమ్మధార అమ్మా, మీ విషయంలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచింది ఒకటే. రద్దయిన ఆర్డరుకు అభిప్రాయం రాయనివ్వకపోతే, సరుకు పంపనివాళ్ల పాపం ఏ పద్దులోనూ కనిపించదు. దుకాణం ముందు పలక మీద పంపినవే ఉంటాయి.

ఉక్కునగరం పదవీవిరమణ

నేను వకీలును కాను. ఎయిర్ కూలర్ విషయంలో సొంతంగా కేసు వేసుకున్న మనిషిని. తెలిసినంత చెబుతాను.

మొదట ఆ వేదిక, అంటే మీరు ఆర్డరు పెట్టిన సైటు వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాయండి. పేరు, చిరునామా సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫోనులో మాట్లాడి ఊరుకోవద్దు, రాతలోనే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అదే నిబంధనల్లో మరొకటి ఉంది, చాలామందికి తెలియదు: సైటు వాళ్లు తాము ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు తామూ అలాంటి రుసుమే భరించకపోతే, కొనేవాళ్ల దగ్గర రద్దు రుసుము వసూలు చేయకూడదు. అమ్మకందారు తానే కొన్నవాడిలా నటించి తన సరుకు గురించి రాసుకోవడమూ నిషిద్ధమే.

ఇక మీకు జరిగినదానికి సరిగ్గా సరిపోయేది 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మోసపు ఎత్తులు పదమూడు పేర్కొన్నారు. అందులో ఒకటి, తక్కువ ధర చూపించి రప్పించి, తీరా కొనబోయేసరికి సరుకు లేదని చెప్పి ఎక్కువ ధరది ముందుకు నెట్టడం. మీ ఫిర్యాదులో ఆ ముక్క రాయండి, కంప్యూటరు పంపే జవాబు కాకుండా మనిషి రాసిన జవాబు వచ్చే అవకాశం ఉంటుంది.

కదలకపోతే 1915 జాతీయ సహాయవాణి. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు. నా కూలరు విషయంలో అక్కడ పని కాలేదు. అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాను. 1986 చట్టం రోజుల్లో అవతలివాడు ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. 2019 చట్టంలో మనం ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు. జరిగిన రెండేళ్లలోగా వేయాలి. కాగితాలు ఆన్‌లైన్లోనే ఎక్కించవచ్చు. నోటీసు వెళ్లాక వాళ్లే ఫోను చేసి రాజీకి వచ్చారు. ఎండాకాలం అయిపోయింది లెండి.

ఒక హెచ్చరిక. చెప్పిన గడువు దాటి వచ్చిన వస్తువును తిరిగి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. కానీ తుపాను లాంటి చేతిలో లేని కారణానికి ఆ నియమం వర్తించదు. హుద్‌హుద్ చూసిన ఊరు మనది, అది నేను చెప్పనక్కర్లేదు.

కంచరపాలెం కోపిష్టి

మాస్టారూ, అయితే ఆ నక్షత్రాలకు చట్టం లేదా?

ఉక్కునగరం పదవీవిరమణ

భారత ప్రమాణాల సంస్థ 2022లో ఆన్‌లైన్ అభిప్రాయాలకంటూ ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 19000. రాసినవాడు నిజమైన మనిషేనా అని సరిచూడాలి, చెడు అభిప్రాయాలను తొక్కిపెట్టకూడదు, ఇలాంటివి అందులో ఉన్నాయి. అయితే అది స్వచ్ఛందం. పాటించాలని వెంటనే ఎవరూ మెడ మీద కూర్చోరు.

మధురవాడ అద్దె ఇల్లు

"అయిదు నక్షత్రాలు ఇచ్చి ఫోటో పంపితే యాభై రూపాయలు" అని పార్శిలులో చీటీ వస్తుంది చూడండి, దాని సంగతేమిటి? మా గది మిత్రుడు అలాంటి చీటీలు పదకొండు పోగు చేశాడు.

లక్కపిడతల కొట్టు

ఆ చీటీ నేనూ ఒకసారి వేశాను. ముప్పై అచ్చు వేయించి అక్కయ్యపాలెంలో కత్తిరించి తెచ్చుకున్నాను. నాలుగో పార్శిలుకే వేదిక నుంచి హెచ్చరిక వచ్చింది, ఎవరో కొన్నావిడ ఫోటో తీసి పంపారు. మిగిలిన ఇరవై ఆరూ మా అమ్మాయి లెక్కలు వేసుకోవడానికి వాడుకుంటోంది. నాకు పనికొచ్చింది వేరే. బొమ్మతో పాటు, దీన్ని తడి గుడ్డతో తుడవకండి, లక్క మెరుపు పోతుంది అని చేత్తో రాసిన చీటీ పెడుతున్నాను. నక్షత్రం మాట ఎత్తను. ఇప్పుడు చాలామంది ఆ చీటీ గురించే రాస్తున్నారు.

సీతమ్మధార గృహిణి

అందరికీ ధన్యవాదాలు. ఏమైందో చెప్పడానికి వచ్చాను.

ఉక్కునగరం మాస్టారు చెప్పినట్టే రాశాను. ఫోను వచ్చిన సమయం, రద్దయిన సమయం, పెరిగిన ధర, మూడిటి చిత్రాలూ జతచేశాను. అందిందని మర్నాడే జవాబు. తర్వాత పది రోజులు ఉలుకూ పలుకూ లేదు. 1915కి చేశాక మూడో రోజు ఒక అమ్మాయి ఫోను చేసింది, తెలుగులోనే మాట్లాడింది. అయిదు వందల కూపను ఇస్తామంది. కూపను తర్వాత, ముందు కారణం మార్చండి అన్నాను. అది ఎందుకు మేడమ్, డబ్బు వచ్చేసింది కదా అంది. నేను రద్దు చేయలేదు కాబట్టి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, పైవాళ్లను అడిగి చెబుతానంది.

గ్రైండరు మాత్రం ఈలోగా డాబాగార్డెన్స్‌లో 4,300కి కొనేశాం. పిండి ఎన్నాళ్లని ఆగుతుంది? కొట్టాయన రాయి తిప్పి చూపించి, మొదటిసారి నూక వేసి రుబ్బి పారేయమని చెప్పాడు.

నిన్న రాత్రి చూశాను. ఆ దుకాణం పేజీలో ఇప్పటికీ 4.4 నక్షత్రాలే. నా ఆర్డరు కింద మాత్రం "విక్రేత రద్దు చేశారు" అని ఉంది.

గాజువాక డెలివరీ (ఇప్పుడు మానేశాను)

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి అమ్మా. మళ్లీ మార్చేస్తారు.