సోషల్ సెక్యూరిటీ నంబరు ఇప్పుడే వచ్చింది, "ఫ్రీ క్రెడిట్ స్కోరు" లింకు నొక్కొచ్చా?

కొత్తగా_ఇర్వింగ్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఎల్1 (కంపెనీ బదిలీ) వీసా మీద నేనూ, నాతో మా ఆవిడా టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చాం. సోషల్ నంబరు మొన్ననే చేతికొచ్చింది. ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ గురించి రాస్తే, ఓనరు "ఫ్లాట్ చూడ్డానికి వచ్చే ముందు క్రెడిట్ స్కోరు తెచ్చుకోండి, ఈ లింకులో ఫ్రీ" అని పంపాడు. అందులో పేరు, సోషల్ అయ్యాక కార్డు నంబరు కూడా అడుగుతోంది, ఒక్క డాలరే అంటోంది. నా సిబిల్ 790. అది ఇక్కడ పనికొస్తుందా? స్కోరు చూసుకుంటే తగ్గుతుందంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ప్లేనో_పాతకాపు:
తమ్ముడూ, ముందు ఆ పేజీ మూసెయ్. సోషల్ మొన్న వచ్చిందంటే నీ పేరు మీద ఇక్కడ ఇంకా క్రెడిట్ ఫైలే తెరిచి ఉండదు. ఫైకో స్కోరు (ఇక్కడ అప్పిచ్చేవాళ్లు ఎక్కువగా చూసే క్రెడిట్ స్కోరు) పుట్టాలంటే కనీసం ఒక ఖాతా తెరిచి ఆరు నెలలైనా అవ్వాలి. లేని స్కోరు నీకు ఎవరు చూపిస్తారు? వాళ్లకి కావలసింది నీ సోషల్, నీ కార్డు. సిబిల్ ఎంత బాగున్నా మామూలు లీజింగ్ ఆఫీసులో దాన్ని పట్టించుకోరు. ఆఫర్ లెటరు, పాస్‌పోర్టు, ఐ94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకుని పెద్ద కమ్యూనిటీల లీజింగ్ ఆఫీసుకి నేరుగా వెళ్లు. ఇర్వింగ్‌లో వాళ్లు కొత్తగా దిగినవాళ్లని రోజూ చూస్తుంటారు. క్రెడిట్ లేదంటే చాలాచోట్ల డిపాజిట్ కాస్త ఎక్కువ అడుగుతారు. ఫ్లాట్ కళ్లతో చూడకుండా ఎవరికీ పైసా పంపకు.

ఫ్రిస్కో_అక్క:
పాతకాపు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా పిన్ని కొడుకు డెంటన్‌లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు అచ్చం ఇలాంటి మెయిలే వచ్చింది. ఓనరు ఊళ్లో లేడట, తాళాలు స్నేహితుడి దగ్గరున్నాయట, స్కోరు తెస్తే చాలు చూపిస్తాడట. పిల్లాడు కార్డు ఇచ్చాడు. ఆ తర్వాత ఓనరు లేడు, ఫ్లాటూ లేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లే లేరు. కానీ ప్రతి నెలా కార్డు మీద డబ్బు పోతూనే ఉంది. స్టేట్‌మెంట్ నేనే చూశాను. ఆ లైనులో "క్రెడిట్" అన్న మాటే లేదు. అర్థంకాని పొడి అక్షరాలు నాలుగు, పక్కన ఒక టోల్‌ఫ్రీ నంబరు. చూసినవాళ్లు ఫోను బిల్లో, జిమ్మో అనుకుంటారు.

ఆ నంబరుకి స్పీకర్ పెట్టి నేనే కూర్చున్నాను. మెంబరు నంబరు చెప్పమన్నారు. అది ఏ మెయిల్లోనూ లేదు. మేనేజరుకి ఇస్తామని పాట పెట్టి వదిలేశారు. మళ్లీ చేస్తే "మీ స్కోరు ప్రమాదంలో ఉంది, సగం ధరకి కొనసాగించండి" అని బతిమాలారు, ఆపై బెదిరించారు. క్యాన్సిల్ చేశామని నోటిమాటగా చెప్పారు, మరుసటి నెల మళ్లీ పడింది. చివరికి బ్యాంకుకి వెళ్లి, ఆ డబ్బు డిస్ప్యూట్ చేసి, కార్డు నంబరు మార్పించాం. అంతటితో పీడ వదిలింది. కానీ సోషల్ మార్చుకోలేం కదా, అందుకే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ (ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్) వాడి పేరు మీద ఎవరూ కొత్త అప్పు తీయకుండా ఫైలు ఫ్రీజ్ చేయించాం. 2018 సెప్టెంబరు నుంచి ఫ్రీజ్ దేశమంతటా ఉచితం, పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఎడిసన్_గోదారి:
అక్కా, అదొక పెద్ద దందా. 2017లో ఎఫ్‌టీసీ (వ్యాపార మోసాలని చూసే ఫెడరల్ సంస్థ) చికాగో కోర్టులో ఇలాంటి కేసే వేసింది. క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల సైటులో, అసలు లేని ఇళ్లకి ప్రకటనలు, అడిగినవాళ్లకి "ఫ్రీ" స్కోరు లింకు, కార్డు ఇచ్చాక నెలకి 29.94 డాలర్లు. ఇల్లు ఎరే. లింకు పంపినవాడికి కమీషన్ ముడుతుంది. పెద్ద కంపెనీలూ ఈ దారిన నడిచినవే: ఎక్స్‌పీరియన్ వాళ్ల అనుబంధ సంస్థ మీద ఎఫ్‌టీసీ 2005లోనే చర్య తీసుకుంది. ఫ్రీ రిపోర్టు అని రప్పించి, 30 రోజుల్లో రద్దు చేసుకోకపోతే 79.95 డాలర్లు లాగేవారు. ట్రాన్స్‌యూనియన్, ఈక్విఫాక్స్‌ల మీద సీఎఫ్‌పీబీ (వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ) 2017లో చర్య తీసుకుంది.

అసలైన ఫ్రీ ఒక్కటే ఉంది: యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్. చట్టం ప్రకారం మూడు బ్యూరోలూ ఏడాదికి ఒకసారి ఇచ్చి తీరాలి. కార్డు నంబరు అడగరు. అందులో స్కోరు ఉండదు, ఖాతాల వివరాలే ఉంటాయి.

ప్లేనో_పాతకాపు:
ఏడాదికి ఒకసారి అన్నది 2003 చట్టం మాట. కోవిడ్‌లో వారానికోసారి చేశారు, 2023లో శాశ్వతం చేశారు. కుర్రాడికి పాత రూలు చెప్పకండి.

ఎడిసన్_గోదారి:
చట్టంలో రాసింది ఏడాదికి ఒకసారే అన్నా. వారానికోసారి బ్యూరోలు తమంతట తాము ఇస్తున్నది. హక్కు వేరు, వాళ్లు ఇచ్చే వెసులుబాటు వేరు.

ప్లేనో_పాతకాపు:
సరే, తేడా ఉంది, ఒప్పుకుంటాను. వాడికి కావలసింది మాత్రం ఈ వారం చూసుకోవచ్చా అన్నదే. చూసుకోవచ్చు. ఇప్పుడైతే ఖాళీగా ఉంటుంది, కార్డు తీసుకున్న ఆరేడు నెలలకి చూస్తే అర్థం ఉంటుంది. మనిషివి నువ్వేనా అని పాత అడ్రస్సులూ లోన్లూ అడిగి ఆన్‌లైన్‌లో ఒప్పుకోకపోతే, ఫారం నింపి అట్లాంటాకి పోస్టు చెయ్యాలి.

బే_ఏరియా_కడప:
ఇదంతా ఎందుకు, క్రెడిట్ కర్మ అనే ఫ్రీ స్కోరు యాప్ పెట్టుకోమనండి. ఏళ్ల తరబడి వాడుతున్నాను, ఒక్క డాలరూ అడగలేదు.

ఎడిసన్_గోదారి:
అడగరు, నిజమే. కానీ అందులో కనిపించేది వాంటేజ్‌స్కోర్, ఫైకో కాదు, వేరే లెక్క. ఇంటి లోనుకి వెళ్లినప్పుడు బ్యాంకు తీసింది ఫైకో, అదీ పాత వెర్షన్లు. మూడు బ్యూరోల స్కోర్లలో మధ్యది పట్టుకున్నారు. యాప్‌లో చూసి మురిసిపోయినవాళ్లు అక్కడ దిగులుపడటం చూశాను. పైగా యాప్ నిండా "మీకు ఈ కార్డు దాదాపు ఖాయం" అన్న ప్రకటనలే. వాటి ఆదాయమే అది. కొత్తవాడు అన్నిటికీ అప్లై చేస్తే ప్రతిదీ హార్డ్ ఎంక్వయిరీ (అప్పు కోసం మన రిపోర్టు తీసిన గుర్తు), రెండేళ్లు రిపోర్టులో కూర్చుంటుంది.

బే_ఏరియా_కడప:
నా పేరు మీద ఎవరో కొత్త ఖాతా తెరిస్తే నాకు తెలిసింది ఆ యాప్ వల్లే. అంకె కోసం కాకుండా కాపలా కోసం వాడమంటున్నాను.

ఎడిసన్_గోదారి:
కాపలాకి బాగానే ఉంటుంది, అక్కడ గొడవ లేదు.

ఫ్రిస్కో_అక్క:
తమ్ముడు అడిగిన ఇంకో ప్రశ్న అందరూ వదిలేశారు. మన స్కోరు మనం చూసుకుంటే ఒక్క పాయింటూ తగ్గదు, ఎన్నిసార్లయినా. అప్పుకి అప్లై చేసి అప్పిచ్చేవాళ్లు తీస్తేనే లెక్క. స్కోరు పెరగాలంటే డిపాజిట్ కట్టే సెక్యూర్డ్ కార్డు ఒకటి తీసుకో, ఇంటి సరుకులకి వాడు, ఆటోపే పెట్టి స్టేట్‌మెంట్ మొత్తం కట్టెయ్. ఫైకోలో 35 శాతం సమయానికి కట్టడమే. కొంచెం బాకీ ఉంచితే స్కోరు పెరుగుతుందని మన పాట్‌లక్‌లలో చెప్పేవాళ్లుంటారు, నమ్మొద్దు, వడ్డీ తప్ప ఏమీ రాదు.

కొత్తగా_ఇర్వింగ్:
అందరికీ చాలా థాంక్స్. రేపు ఆఫీసు దగ్గరి కమ్యూనిటీకి వెళ్తున్నాం. మా ఆవిడది ఎల్2 (ఎల్1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా), తనకి సోషల్ లేదు. తన పేరు మీద క్రెడిట్ ఎలా మొదలుపెట్టాలి?

ప్లేనో_పాతకాపు:
తన ఐ94 మీద ఎల్2ఎస్ (భార్యకో భర్తకో ఇచ్చే కోడ్) అని ఉందేమో చూడు. ఉంటే వేరే ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండానే పని చెయ్యొచ్చు, దాంతోనే సోషల్ ఆఫీసుకి వెళ్లొచ్చు. సోషల్ వచ్చాక నీ కార్డులో ఆథరైజ్డ్ యూజరుగా (నీ ఖాతా మీదే తనూ వాడుకునేలా) చేర్చు. బ్యాంకు ఆ ఖాతాని తన పేరు మీద కూడా బ్యూరోలకి పంపుతుందా అని ముందే అడుగు.

ఇంకోటి, పేర్లు. మనకి ఇంటిపేరు ముందు రాసే అలవాటు. ఒక బ్యాంకులో ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరం. అలా రాస్తే ఒకే మనిషి ఖాతాలు రెండు ఫైళ్లుగా చీలిపోవచ్చు, లేదా అదే పేరున్న ఇంకొకరి బాకీ మన ఫైల్లోకి రావచ్చు. పాస్‌పోర్టులో ఎలా ఉందో ప్రతిచోటా అలాగే రాయించండి. రిపోర్టులో మీది కాని ఖాతా కనిపిస్తే ఆ బ్యూరోకి డిస్ప్యూట్ పంపండి. మామూలుగా 30 రోజుల్లో విచారించి తేల్చాలి.