రీగన్ డైరీని సాక్ష్యంగా ఎంతవరకు నమ్మొచ్చు? (ఇరాన్-కాంట్రా సెమినార్ పేపర్, సాయం కావాలి)

గురువారం గండం:
అందరికీ నమస్కారం. ఎంఏ హిస్టరీ ఫైనలియర్ చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కి ఇరాన్-కాంట్రా తీసుకున్నాను. తెలియనివాళ్ళకి క్లుప్తంగా: 1985, 86లో రీగన్ ప్రభుత్వం లెబనాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లని విడిపించుకోవడానికి ఇరాన్‌కి రహస్యంగా క్షిపణులు అమ్మింది, ఆ లాభంలో కొంత నికరాగువాలో ప్రభుత్వం మీద పోరాడుతున్న కాంట్రాలకి మళ్ళించింది, అప్పటికే బోలండ్ సవరణతో అమెరికా కాంగ్రెస్ ఆ సాయాన్ని నిషేధించి ఉంది.

నా వాదన ఏంటంటే, రీగన్ రోజూ డైరీ రాసేవాడు, అందులో డబ్బు మళ్ళింపు మాట 1986 నవంబరు 24న మొదటిసారి కనిపిస్తుంది, కాబట్టి అంతకుముందు ఆయనకి తెలియదు. గైడ్ గారు ఆ పేరా మొత్తం ఎర్రపెన్నుతో కొట్టేసి పక్కన "డైరీలో లేకపోతే జరగనట్టేనా?" అని రాసిచ్చారు. ప్రెజెంటేషన్ వచ్చే గురువారం. అసలు ఇలాంటి డైరీని సాక్ష్యంగా వాడొచ్చా, కోర్టులో ఎవరైనా వాడారా, ఒరిజినల్ ఎక్కడ చూడాలి? నెట్‌లో దొరికిన కోట్స్ తప్ప నా దగ్గర ఏమీ లేవు. చాలా టెన్షన్‌గా ఉంది.

సిరా మరక:
మీ గైడ్ గారు కొట్టేసింది సరైన పేరానే, ఏమీ అనుకోకండి. ఈ డైరీ విషయంలో "లేదు కాబట్టి తెలియదు" అన్న వాదన అస్సలు నిలవదు, ఎందుకంటే రాయడం లేదని రీగనే రాసుకున్నాడు. 1985 డిసెంబరు 5 ఎంట్రీ తీయండి. బందీల్ని విడిపించే రహస్య ప్రయత్నం గురించి బ్రీఫింగ్ జరిగిందని, కొద్దిమందికే తెలుసని చెప్పి, మేం ఏం చేస్తున్నామో డైరీలో కూడా రాయను అన్న అర్థంలో ఒక వాక్యం పెట్టాడు. ఇప్పుడు ఆ తేదీ పక్కన ఇంకో కాగితం పెట్టండి. అంతకుముందు నవంబరులో ఇజ్రాయెల్ ద్వారా హాక్ క్షిపణులు వెళ్ళిపోయాయి, వాటికి అనుమతి ఉన్నట్టు వెనకటి నుంచి వర్తించేలా తయారుచేసిన "ఫైండింగ్" (రహస్య చర్యకి అధ్యక్షుడు రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి) మీద రీగన్ సంతకం పెట్టింది కూడా డిసెంబరు 5నే. ఆ కాగితాన్ని 1986 నవంబరులో జాతీయ భద్రతా సలహాదారు పాయిండెక్స్‌టర్ చించేశాడు. బయటపడితే అధ్యక్షుడికి రాజకీయంగా ఇబ్బంది అని చించానని తర్వాత కాంగ్రెస్ ముందు తనే చెప్పాడు. అంటే ఆ రోజుకి సంబంధించి డైరీ నోరు మూసుకుంది, ఆఫీసు కాగితం చెత్తబుట్టలోకి పోయింది. అలాంటిచోట మౌనాన్ని అమాయకత్వానికి రుజువుగా ఎలా చూపిస్తారు?

తమాషా ఏంటంటే రెండు రోజులు తిరక్కుండానే డిసెంబరు 7 శనివారం మనసు మార్చుకుని బోలెడు రాశాడు. ఇజ్రాయెల్ ఇరాన్‌కి ఆయుధాలు అమ్మే ప్లాను, విదేశాంగ మంత్రి షుల్ట్జ్, వైన్‌బర్గర్, వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ డాన్ రీగన్ (అధ్యక్షుడు కాదు, వేరే మనిషి) వద్దన్న సంగతి, కాంగ్రెస్ చట్టం అడ్డుగా ఉన్న సంగతి, ఇది బందీలకి కడుతున్న సొమ్ము కాదన్న తన వాదన, అన్నీ ఉన్నాయి. అదే మీటింగు గురించి రక్షణ మంత్రి వైన్‌బర్గర్ కూడా తన నోట్స్‌లో రాసుకున్నాడు. చట్టవిరుద్ధం అంటే జవాబు చెప్పుకోగలను గానీ, అంత బలమైన రీగన్ బందీల్ని విడిపించే అవకాశం వదులుకున్నాడంటే జవాబు చెప్పుకోలేను అని అధ్యక్షుడు అన్నట్టు. ఈ మాట రీగన్ డైరీలో మీకు కనపడదు. మీటింగ్ ఒకటే, రాసిన చేతులు రెండు. మీ పేపర్‌కి ఈ ఒక్క శనివారం చాలు, మూడు పేజీలు దాని మీదే రాయండి.

గురువారం గండం:
డిసెంబరు 5 సంగతి నాకు నిజంగా తెలియదండీ, థాంక్స్. కానీ నా టాపిక్ డబ్బు కదా. ఇవన్నీ ఆయుధాల గురించే ఉన్నాయి, డబ్బు గురించి డైరీలో ఏమీ లేదా?

సిరా మరక:
డబ్బు జాడ డైరీలో వెతకడం దండగ. ఎవరికి ఏ రోజుకి ఏం తెలుసో డైరీ చెబుతుంది. డబ్బు ఎటు పోయిందో ఖాతా పుస్తకాలే చెప్పాలి. కాంగ్రెస్ కమిటీలు 1987లో స్విస్ ఖాతాల లెక్కలు తిరగేసి తేల్చింది, ఆయుధాల మీద వచ్చిన లాభం సుమారు 1.61 కోట్ల డాలర్లు, అందులో కాంట్రాలకి చేరింది కనీసం 38 లక్షలు. మిగతాదంతా మధ్యవాళ్ళ దగ్గర, వేరే ఖర్చుల్లో. సౌదీ అరేబియా ఇచ్చింది వేరే, 1984, 85ల్లో మొత్తం 3.2 కోట్లు.

బ్రూనై కథ తప్పకుండా పెట్టండి, క్లాసు నిద్రపోదు. విదేశాంగ శాఖ అధికారి ఎలియట్ ఏబ్రమ్స్ 1986 ఆగస్టులో కెనిల్‌వర్త్ అనే మారుపేరుతో లండన్‌లో బ్రూనై మనిషిని కలిసి, కోటి డాలర్లు వేయమని స్విస్ ఖాతా నంబరు ఇచ్చాడు. నంబరు టైపు చేసినప్పుడు రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. సుల్తాను డబ్బు పంపించాడు, అది కాస్తా సంబంధం లేని వేరెవరి ఖాతాలోనో పడింది. కాంట్రాలకి ఒక్క పైసా అందలేదు. మనం ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ తప్పు కొట్టి పదిసార్లు బ్యాంకు చుట్టూ తిరిగినట్టే, కాకపోతే ఇక్కడ పోగొట్టుకున్న వాళ్ళు ఫిర్యాదు కూడా ఇవ్వలేరు. ఇలాంటిది ఏ అధ్యక్షుడి డైరీలోనూ దొరకదు.

అధ్యక్షుడికీ ఈ డబ్బుకీ లింకు కావాలంటే డైరీ కంటే గట్టివి రెండున్నాయి. ఒకటి, 1984 జూన్ 25 మీటింగు మినిట్స్. కాంట్రాల కోసం బయటి దేశాల్ని డబ్బు అడగొచ్చా అన్న చర్చ అది, ఈ కథ బయటికి పొక్కితే ఎవరు చెప్పారో తేలేదాకా మనందర్నీ వైట్‌హౌస్ ముందు బొటనవేళ్ళకి కట్టి వేలాడదీస్తారు అని రీగన్ అన్న మాట అందులో రికార్డయింది. రెండు, సౌదీ డబ్బు వస్తోందని, పాయిండెక్స్‌టర్ కంటే ముందు జాతీయ భద్రతా సలహాదారుగా ఉన్న మెక్‌ఫార్లేన్ ఒక చిన్న కార్డు మీద రాసి రీగన్ ఉదయం బ్రీఫింగ్ ఫైల్లో పెట్టానని ఇచ్చిన సాక్ష్యం. విదేశీ విరాళాల సంగతి తెలియడం వేరు, ఇరాన్ లాభం మళ్ళించడం తెలియడం వేరు. మీ పేరాలో ఈ రెండూ కలిసిపోయాయని నా అనుమానం. మొదటిదానికి సాక్ష్యం ఉంది. రెండోది రీగన్‌కి ముందే తెలుసని రుజువు ఎవరికీ దొరకలేదు, ప్రత్యేక ప్రాసిక్యూటర్ వాల్ష్‌కి కూడా.

నల్లకోటు:
కోర్టు సంగతి నేను చెప్తాను, రాజమండ్రిలో ప్రాక్టీసు, అమెరికా లా నాకు చదువుకున్నంత వరకే. డైరీ అంటే మామూలుగా హియర్‌సే. కోర్టు బయట చెప్పిన మాట, రాసినవాడిని బోనెక్కించి క్రాస్ చేయకుండా లోపలికి రానివ్వరు. కానీ రాసినవాడి మీదే కేసు పెట్టి, ఎదుటిపక్షం ఆ డైరీని వాడితే అక్కడి రూల్స్ ప్రకారం అది హియర్‌సే కిందకి రాదు. రీగన్ మీద కేసే లేదు కాబట్టి ఆ అవకాశం రాలేదు.

వచ్చింది ఎలాగంటే ముద్దాయి వైపు నుంచి. 1990లో పాయిండెక్స్‌టర్ విచారణలో, నేను చేసింది పైవాడికి తెలిసే చేశాను అని చూపించుకోవడానికి అతని లాయర్లు రీగన్ డైరీ ఎంట్రీలు అడిగారు. జడ్జి హెరాల్డ్ గ్రీన్ జనవరిలో ఇవ్వమన్నాడు, రీగన్ ఎగ్జిక్యూటివ్ ప్రివిలేజ్ (అధ్యక్షుడి కాగితాలు బయటపెట్టకుండా ఉండే హక్కు) అడ్డం పెట్టాడు. ఫిబ్రవరిలో లాస్ ఏంజిలిస్‌లో రెండు రోజులు వీడియో సాక్ష్యం తీసుకున్నారు, దాదాపు 8 గంటలు, గుర్తులేదు అన్న మాట 88 సార్లు వచ్చిందని అప్పటి పత్రికలు లెక్కేశాయి. ఎంట్రీలు తను చదివాక మార్చిలో జడ్జి ఏమన్నాడంటే, డిఫెన్సుకి ఇవి ఇవ్వకపోతే గడవదు అన్నంత విషయం ఇందులో లేదు, ఇవ్వక్కర్లేదు అని. అంటే ఇంత గొడవా చేసి డైరీ జ్యూరీ దాకా పోలేదు. పాయిండెక్స్‌టర్ మీద ఏప్రిల్‌లో 5 నేరాలు రుజువయ్యాయి, 1991లో అప్పీల్లో కొట్టేశారు, అది డైరీ వల్ల కాదు, కాంగ్రెస్ ముందు ఇమ్యూనిటీ ఇచ్చి చెప్పించిన సాక్ష్యం కేసులో కలిసిందన్న కారణంతో.

మన దగ్గర పోలిక కావాలంటే జైన్ హవాలా డైరీలు. పీవీ గారి హయాంలో దేశాన్ని ఊపేశాయి, 1998లో సుప్రీంకోర్టు విడి కాగితాలు ఖాతా పుస్తకాలు కావు, పుస్తకంలో ఉన్న ఎంట్రీ కూడా వేరే ఆధారం లేకుండా ఒక్కటే చాలదు అంది. అయితే అవి ఇచ్చిపుచ్చుకున్న లెక్కల డైరీలు, రీగన్‌ది దినచర్య. ఒకే గాటన కట్టకండి, గైడ్ గారు మళ్ళీ ఎర్రపెన్ను తీస్తారు.

పసిఫిక్ టైమ్:
ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ప్రెసిడెంట్ డైరీ అంటే రెండు వేరువేరు వస్తువులు. ఒకటి రీగన్ చేత్తో రాసుకున్నది. ఇంకోటి "డైలీ డైరీ" అని స్టాఫ్ నడిపే రిజిస్టరు, ఎన్ని గంటలకి ఎవరు వచ్చారు, ఎవరితో ఫోన్, ఎప్పుడు వెళ్ళారు, నిమిషాలతో సహా. అందులో అభిప్రాయాలు ఉండవు, మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పుస్తకం లాంటిది. ప్రభుత్వ రికార్డు అది. అధ్యక్షుల రికార్డుల మీద వచ్చిన 1978 చట్టం ప్రకారం సొంత డైరీ వ్యక్తిగతం కింద లెక్క, ఆ చట్టం పూర్తిగా వర్తించిన మొదటి అధ్యక్షుడు రీగనే. నెట్‌లో "డైరీ ప్రకారం" అని ఉంటే ఏ డైరీయో చూసుకోండి.

అమ్మానాన్న వచ్చినప్పుడు సిమీ వ్యాలీలో రీగన్ లైబ్రరీకి తీసుకెళ్ళాను, వాళ్ళు ఎయిర్ ఫోర్స్ వన్ విమానం ఎక్కి ఫోటోలు దిగారు, నేనేమో ఈ కాగితాల గురించి డెస్కులో అడుగుతుంటే నాన్న విసుక్కున్నారు. మీకు అంత దూరం అక్కర్లేదు. రిజిస్టరు స్కాన్లు లైబ్రరీ సైట్‌లో ఉన్నాయి, సొంత డైరీ 2007లో కుదించి అచ్చువేశారు, 2009లో పూర్తిది వచ్చింది. 2007 ప్రతిలో లేదంటే అసల్లో లేదని కాదు, ఏ ప్రతి చూశారో ఫుట్‌నోట్‌లో రాయండి. ఆయన బూతులు కూడా పూర్తిగా రాయడు, హెల్ అనడానికి మధ్యలో గీతలు పెడతాడు. అంత మొహమాటం!

పక్క బెంచీ:
నాదొక డౌట్. అధ్యక్షుడు డైరీ రాసేదే రేపు చరిత్రకారులు చదవాలని. అలాంటప్పుడు అందులో నిజం ఎందుకు రాస్తాడు? అసలు వాడటమే తప్పు కదా.

సిరా మరక:
అలా అయితే ఉత్తరాలు, ఆత్మకథలు, కోర్టు వాంగ్మూలాలు అన్నీ పక్కన పడేయాలి. చరిత్ర కోసం రాసేవాడు కూడా తనకి అవసరం లేదనిపించిన చోట నిజం జారవిడుస్తాడు. 1985 ఆగస్టు 23న మెక్‌ఫార్లేన్ నుంచి రహస్య ఫోన్ వచ్చిందనీ, కొన్ని నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చిందనీ, అవి సులువైనవేననీ రీగన్ రాసుకున్నాడు. మొదటి విడత క్షిపణులు ఇజ్రాయెల్ నుంచి వెళ్ళింది ఆగస్టు 20న. ఆ విడతకి మీరు ముందే ఒప్పుకున్నారా అని ఈ వ్యవహారం మీద రీగన్ తనే వేసిన టవర్ కమిషన్ 1987లో అడిగితే మొదట అవునన్నాడు, తర్వాత కాదన్నాడు, చివరికి నాకు గుర్తులేదు, అంతే అని ఉత్తరం రాశాడు. ఆ ఎంట్రీ ఏం నిర్ణయమో చెప్పదు కాబట్టి ఆగస్టు 20 సంగతి తేల్చదు. కానీ ఆ వారంలో ఈ వ్యవహారం తన చెవిన పడలేదని మాత్రం ఎవరూ అనలేరు.

గురువారం గండం:
ఇంకొక్కటి. సీనియర్ బుష్ డైరీ కూడా ఉందంటున్నారు, అది కూడా ప్రెసిడెన్షియల్ డైరీ కింద పెట్టొచ్చా?

నల్లకోటు:
అప్పటికి ఆయన ఉపాధ్యక్షుడు. 1986 నవంబరు మొదట్లో, లెబనాన్ పత్రిక కథ బయటపెట్టిన వారంలోనే, టేపులో చెప్పి రాయించుకోవడం మొదలుపెట్టాడు. నవంబరు 5 ఎంట్రీలోనే, వివరాలు పూర్తిగా తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ణి అన్నాడు. బయటికేమో నేను లూప్‌లో లేను అని చెప్పుకొచ్చిన మనిషి. ఆ డైరీ వాల్ష్ చేతికి వచ్చింది 1992 డిసెంబరు 11న, ఎన్నికల్లో ఓడిపోయాక. అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న బుష్ డిసెంబరు 24న వైన్‌బర్గర్‌తో కలిపి ఆరుగురికి క్షమాభిక్ష పెట్టేశాడు, వైన్‌బర్గర్ విచారణ జనవరి 5న మొదలవ్వాల్సింది.

ఆ వైన్‌బర్గర్ కేసు అంతా నోట్స్ చుట్టూనే. నోట్స్ పెద్దగా రాయనన్నాడు, తీరా చూస్తే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 7,000 పేజీల దాకా ఉన్నాయి. ముందు రహస్య కాగితాల విభాగంలో వెతికారు, దొరకలేదు. 1991లో మామూలు కాగితాల విభాగంలో బయటపడ్డాయి. కాబట్టి డైరీలో ఏం ఉందన్న దానితో పాటు అది ఎప్పుడు, ఎవరి చేతికి చిక్కిందో కూడా మీ పేపర్‌లో ఒక పేరా రాయండి.

గురువారం గండం:
కొత్త పేరా రాశాను, చూసి చెప్పండి: "1986 నవంబరు 24న అటార్నీ జనరల్ మీస్, డాన్ రీగన్ చెప్పేదాకా మళ్ళింపు సంగతి అధ్యక్షుడికి తెలియదని ఆయన డైరీ చెబుతుంది. పాయిండెక్స్‌టర్‌కి తెలిసి కూడా తనకి చెప్పలేదని అదే ఎంట్రీలో ఉంది. అయితే 1985 డిసెంబరు 5న రాయనని తనే రాసుకున్న డైరీలో మిగతా చోట్ల మౌనానికి అంతే బరువు ఇవ్వలేం."

సిరా మరక:
బాగుంది. "తెలియదని డైరీ చెబుతుంది" తీసేసి "అప్పుడే తెలిసినట్టు రాసుకున్నాడు" అని పెట్టండి. నవంబరు 24 అంటే ప్రెస్‌మీట్‌కి ముందు రోజు, విచారణ మొదలైపోయిందని ఆయనకి తెలిసి రాసిన ఎంట్రీ, అది కూడా ఒక వాక్యంలో కలపండి.

గురువారం గండం:
మార్చాను, కలిపాను. బ్రూనై కూడా పెట్టాను. గైడ్ గారు ఏమన్నారో గురువారం రాత్రి ఇక్కడే చెప్తాను.